ఇంజను ఒకటే, నంబర్లు వేరు

1952 ఫిబ్రవరి 15. లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్ నుంచి విండ్సర్‌కు ఒక ప్రత్యేక రైలు బయలుదేరింది. అందులో బ్రిటన్ రాజు ఆరో జార్జి భౌతికకాయం ఉంది. రైలును లాగుతున్న ఆకుపచ్చ ఆవిరి ఇంజను క్యాబ్ (డ్రైవరు నిలబడే గది) పక్కన ఇత్తడి పలక మీద 4082 అని ఉంది. చక్రం పైన వంపు తిరిగిన పేరు పలక మీద ‘విండ్సర్ క్యాజిల్’ అని ఉంది. ఆ సందర్భానికి అంతకన్నా తగిన ఇంజను లేదు. 1924లో స్విండన్ వర్క్‌షాపు చూడడానికి వచ్చిన ఐదో జార్జి, అంటే చనిపోయిన రాజుగారి తండ్రి, స్వయంగా నడిపిన ఇంజను అది.

కాని ఆ రోజు పట్టాల మీద ఉన్నది ఆ ఇంజను కాదు. అసలు విండ్సర్ క్యాజిల్ అప్పుడు స్విండన్‌లో మరమ్మతులో ఉంది. రైల్వే వాళ్లు అదే తరగతికి చెందిన 7013 ‘బ్రిస్టల్ క్యాజిల్’ను తెచ్చారు. దాని పలకలు విప్పి దీనికి, దీని పలకలు విప్పి దానికి బిగించారు. 1924లో పుట్టిన ఇంజను పేరు, 1948లో పుట్టిన ఇంజనుకు వచ్చింది. రెండు ఇంజన్ల ముందుభాగంలో ఉన్న చిన్నచిన్న తేడాలను గుర్తుపట్టగల కళ్లు ఆ మారువేషాన్ని పట్టేశాయి. అంత్యక్రియలు ముగిశాక కూడా ఆ పలకలు తిరిగి సొంత ఇంజన్లకు రాలేదు. అవి తుక్కుగా మారేదాకా దీని పేరు దానిది, దాని పేరు దీనిదే.

ఒక ఇంజను బరువు వెనకున్న బొగ్గు బండితో కలిపి వంద టన్నులు దాటుతుంది. దాని పేరూ ఊరూ మార్చడానికి ఒక స్పానర్ చాలింది. ఇంతకీ ఇంజను నంబరు ఎక్కడ ఉంటుంది? ఇత్తడిలోనా, రంగులోనా, చక్రాల మధ్య ఉక్కు చట్రంలోనా? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దానికి జవాబు వెతకాలంటే కొంచెం రసాయనశాస్త్రం, కొంచెం కంటిచూపు శాస్త్రం, చాలా కొద్దిగా గుమాస్తా లెక్కలు కావాలి.

పేర్లు చాలని రోజులు

మొదట్లో ఇంజన్లకు గుర్రాలకూ ఓడలకూ పెట్టినట్టే పేర్లు పెట్టేవారు. 1829లో రెయిన్‌హిల్‌లో జరిగిన ఇంజన్ల పోటీలో గెలిచింది ‘రాకెట్’. గ్రేట్ వెస్టర్న్ రైల్వే వారి వెడల్పు పట్టాల మీద, అంటే రెండు పట్టాల మధ్య ఏడడుగుల ఎడమున్న దారి మీద, పరిగెత్తిన పెద్ద ప్రయాణికుల ఇంజన్లకు చాలాకాలం పేర్లే తప్ప నంబర్లు లేవు. పది ఇంజన్లుంటే పేర్లు గుర్తుంటాయి. వెయ్యి ఇంజన్లుంటే పేర్లతో పద్దు రాయడం కుదరదు. ఏ ఇంజను ఎంత బొగ్గు తిన్నది, ఎన్ని మైళ్లు తిరిగింది, బాయిలర్ పరీక్ష ఎప్పుడు జరిగింది అన్నవన్నీ ఏదో ఒక వరుసలో పుస్తకంలోకెక్కాలి. ఆ వరుస పేరే నంబరు.

నంబరు వేయడంలో రెండు పద్ధతులున్నాయి. పాత ఇంజను తుక్కుకు పోగా ఖాళీ అయిన నంబరును కొత్తదానికి ఇవ్వడం ఒకటి. చూడ్డానికి పొదుపుగానే ఉంటుంది కాని, కొన్నేళ్లకు ఒకే అచ్చులో పోసినట్టున్న ఇంజన్ల నంబర్లు 12, 437, 1106 అంటూ చెల్లాచెదరవుతాయి. రెండోది ఒక్కో తరగతికి ఒక్కో వరుస కేటాయించడం. మిడ్‌ల్యాండ్ రైల్వే 1907లో తన ఇంజన్లన్నిటికీ ఇలా కొత్త నంబర్లు వేసింది. గ్రేట్ వెస్టర్న్ వారు ఇంకో చమత్కారం చేశారు. వాళ్ల నాలుగంకెల నంబరులో చాలాసార్లు రెండో అంకె ఇంజను తరగతిని చెబుతుంది. 4300 తరగతి ఇంజన్లు పెరిగి వంద దాటగానే 5300, 6300, 7300 వరుసల్లోకి వెళ్లాయి. ఏ వరుసకు పోయినా ఆ 3 మాత్రం చెక్కుచెదరలేదు. మన రైలు పెట్టె మీది నంబరులో మొదటి రెండంకెలు అది తయారైన సంవత్సరాన్ని చెప్పినట్టే ఇదీను. తెలిసినవాడికి నంబరు ఒక చిన్న వాక్యం.

1923 జనవరి 1న చిక్కొచ్చిపడింది. బ్రిటన్‌లో ఉన్న వందకు పైగా రైల్వే కంపెనీలను చట్టం చేసి నాలుగు పెద్ద కంపెనీలుగా కలిపేశారు. ప్రతి పాత కంపెనీకీ ఒక ఒకటో నంబరు ఇంజనుంది, ఒక రెండో నంబరుంది. ఉమ్మడి కుటుంబంలో తాత పేరు పెట్టుకున్న మనవలు ఒకే ఇంట్లో చేరినట్టయింది. లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే (ఇకపై ఎల్.ఎన్.ఇ.ఆర్. అందాం) ఒక కంపెనీ నుంచి వచ్చిన ఇంజన్లకు 3000, ఇంకో కంపెనీ వాటికి 5000, మరో దానికి 7000, ఇంకొకదానికి 9000 కలిపింది. ఆ లెక్కతోనే, 1923 ఫిబ్రవరిలో డాంకాస్టర్‌లో 1472గా పుట్టిన ఒక ఇంజను 4472 అయింది. దాని పేరు ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’. ఈ కథలో అది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

సదరన్ రైల్వే అంకెలు కలపకుండా అక్షరాలు తగిలించింది. యాష్‌ఫర్డ్ వర్క్‌షాపు ఇంజన్లకు ‘ఎ’, బ్రైటన్ వాటికి ‘బి’, ఈస్ట్‌లీ వాటికి ‘ఇ’. 1931లో ఆ అక్షరాలు తీసేసి, ‘ఎ’ల వాటికి 1000, ‘బి’ల వాటికి 2000 కలిపేసింది. కాగితం మీద అది ఒక్క గీత. షెడ్లలో మాత్రం వందలాది ఇంజన్ల మీద పాత అంకె చెరిపి కొత్తది వేయాలి. అంటే పని గుమాస్తా చేతిలోంచి పెయింటర్ చేతిలోకి వచ్చిందన్నమాట.

కుంచె పని

వర్క్‌షాపులో ఇంజనుకు రంగు వేయడం ఒక రోజుతో తేలే పని కాదు. ముందు ఉక్కు మీద ప్రైమర్. తర్వాత గుంటలు పూడ్చడానికి పుట్టీ. దాన్ని నున్నగా అరగదీయడం. ఆపైన రంగు పూతలు. వాటి మీద అక్షరాలూ అంకెలూ అంచు గీతలూ. అన్నిటి మీదా వార్నిష్. ఒక పూత ఆరితేగాని మరో పూత పడకూడదు. ఆ ఎదురుచూపు వెనక ఒక తమాషా రసాయన చర్య ఉంది.

నాటి పెయింట్లలో ముఖ్యమైనది అవిసె నూనె. తడిబట్ట ఆరినట్టు నూనె రంగు ఆరదు. బట్టలోని నీరు ఆవిరై పోతుంది. నూనెలోంచి పెద్దగా ఏదీ పోదు. గాలిలోని ఆక్సిజన్ వచ్చి నూనె అణువుల్లో ఉన్న జంట బంధాల దగ్గర తగులుకుంటుంది. అక్కడ ఒక అణువు పక్క అణువుతో చేయి కలుపుతుంది, అది మరొకదానితో కలుపుతుంది. చివరకు విడి అణువులన్నీ కలిసి ఒక వలగా అల్లుకుంటాయి. ద్రవం పొరగా మారుతుంది. అందుకే ఆరుతున్న అవిసె నూనె బరువు తగ్గకపోగా కాస్త పెరుగుతుంది. వంటింట్లో నూనె డబ్బా మూతి చుట్టూ తేరిన జిగట ఎంత రుద్దినా పోదు చూడండి, ఆ చర్యకు ఇది అన్నగారు. సీసం, మాంగనీసు, కోబాల్టు లవణాలను చిటికెడు కలిపితే ఈ అల్లిక వేగంగా సాగుతుంది.

అంకెలు రాసే పెయింటర్‌కు నిచ్చెన, కుంచె, చేయి ఆనించుకోవడానికి చివర మెత్తటి గుడ్డ చుట్టిన కర్ర ఉంటే చాలు. ప్రతి ఇంజను మీదా 4 ఒకేలా రావాలంటే ఒక ఉపాయం ఉంది. కాగితం మీద అంకె గీసి, గీత పొడవునా సూదితో చిల్లులు పొడుస్తారు. దాన్ని ఇంజను మీద ఆనించి, సుద్దపొడి మూటతో తడతారు. కాగితం తీస్తే చుక్కల అంకె కనిపిస్తుంది. చిల్లుల పలకతో వాకిట్లో ముగ్గు అచ్చు వేసే వాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు.

రంగు ఎంచుకోవడంలోనూ లెక్క ఉంది. తెల్లని అంకెకు అప్పట్లో సీసపు తెలుపు వాడేవారు. బొగ్గు పొగ నిండిన షెడ్డు గాలిలో గంధకం ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే సీసపు తెలుపు నల్లటి లెడ్ సల్ఫైడ్‌గా మారుతుంది. ఏటేటా తెలుపు మసకబారుతుంది. బంగారానికి ఆ జబ్బు లేదు. అది గంధకంతోనూ తేమతోనూ తేలిగ్గా కలవదు. అందుకే ప్రయాణికుల ఇంజన్ల మీద బంగారు రేకుతో అంకెలు వేశారు. అది విలాసం అనుకోనక్కర్లేదు. రేకు మందం మిల్లీమీటరులో పదివేలో వంతు చుట్టుపక్కల ఉంటుంది. ఒక తలవెంట్రుక మందంలో కొన్ని వందల రేకులు పడతాయి. ఒక ఇంజను మీద మెరిసే బంగారమంతా కలిపినా చిటికెన వేలి ఉంగరానికి చాలదు. సామాన్ల ఇంజన్లకు ఆ పాటి గౌరవం కూడా దక్కలేదు. నలుపు మీద పసుపు రంగే వాటికి.

బంగారు అంకె ఒక పక్కగా, కిందుగా ఎరుపో నలుపో నీడ ఉంటుంది. వెలుగు ఎడమ పైనుంచి పడుతున్నదన్న భ్రమ కలిగించి, చదునైన అంకెను క్యాబ్ రేకులోంచి పొడుచుకొచ్చిన దిమ్మలా చూపడం ఆ నీడ పని. దానికి ఇంకో లాభం ఉంది. చీకటి నేల మీద వెలుగు వస్తువు ఉన్నదానికన్నా కాస్త పెద్దగా, అంచులు చెదిరినట్టు కనిపిస్తుంది. 3 నోరు మూసుకుని 8లా, 6 లోపలి సున్నా పూడిపోయినట్టు అనిపించేది అందుకే. చుట్టూ నల్ల గీత ఉంటే ఆ చెదురు ఆగుతుంది.

బంక మీద తేలే బంగారం

బబుల్‌గమ్ పొట్లంతో వచ్చే బొమ్మ కాగితాన్ని చిన్నప్పుడు చేతి మీద పెట్టుకుని, ఉమ్మి తడి చేసి, గట్టిగా నొక్కి లాగినవాళ్లకు ట్రాన్స్‌ఫర్ అంటే వేరే చెప్పనక్కర్లేదు. ఆవిరి ఇంజను మీది అంకెలు అదే ఆటకు పెద్దవాళ్ల రూపం.

ఈ ఆలోచన రైళ్లకన్నా పాతది. 1756 జులై 27న లివర్‌పూల్‌లో జాన్ శాడ్లర్, గై గ్రీన్ అనే ఇద్దరు ఆరు గంటల్లో 1200కు పైగా గోడ పలకల మీద బొమ్మలు అచ్చు వేశామని ప్రమాణపత్రం రాయించారు. అచ్చుపలక మీది బొమ్మను కాగితం మీదికి, కాగితం మీంచి గోడ పలక మీదికి మార్చడం వాళ్ల రహస్యం. చేత్తో వేస్తే వారాలు పట్టే పని ఒక పూటలో అయిపోయింది. 1790ల చివర్లో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ రాతి అచ్చు కనిపెట్టాక, రంగురంగుల బొమ్మలను కాగితం మీద పొరలు పొరలుగా వేయడం తేలికైంది.

రైల్వేలు వాడిన మేలిరకం ట్రాన్స్‌ఫర్ ఇలా ఉండేది. ముందు కాగితానికి నీటిలో కరిగే బంక పూస్తారు. తుమ్మజాతి చెట్ల బంక అందుకు బాగా పనికొస్తుంది. దాని మీద అంకెను అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చు వేస్తారు. పొరల వరుస కూడా తిరగబడుతుంది. చివరికి పైన కనిపించాల్సినది ముందు పడుతుంది, అడుగున ఉండాల్సినది ఆఖర్న పడుతుంది. అద్దం వెనక వేసే దేవుడి పటాల్లో కళ్లూ ఆభరణాలూ ముందు గీసి, ముఖానికి రంగు తర్వాత వేస్తారు కదా. ఇదీ అంతే.

అంటించే మనిషి ఈ కాగితం అచ్చు వైపున వార్నిష్ పూసి ఆగుతాడు. ఎంతసేపు ఆగాలన్నదే అతని విద్య. వార్నిష్ పచ్చిగా ఉంటే అంకె జారిపోతుంది. పూర్తిగా ఆరితే పట్టదు. వేలి కణుపు ఆనిస్తే అంటుకోకుండా, తీస్తే చిన్న చప్పుడు చేసే ఒక దశ వస్తుంది. మనం ఇందాక చెప్పుకున్న అణువుల వల సగం అల్లిన దశ అది. అప్పుడు కాగితాన్ని క్యాబ్ రేకు మీద సరిగ్గా పెట్టి, గాలి బుడగలు లేకుండా నొక్కాలి. తర్వాత వెనకనుంచి కాగితం మీద నీళ్లు తడపాలి. నీరు కాగితంలోంచి దిగి బంకను కరిగిస్తుంది. వార్నిష్‌ను మాత్రం కరిగించలేదు. కాగితం మెల్లగా జారిపోతుంది, బంగారు అంకె రేకు మీద నిలుస్తుంది. మిగిలిన బంకను తడిగుడ్డతో తుడిచి, ఆరాక పైన వార్నిష్ వేస్తారు. ఆ తుడవడంలో బద్ధకిస్తే కొన్నాళ్లకు అంకె చుట్టూ వార్నిష్ పగిలి పొలుసులుగా లేస్తుంది.

ఒక జిగురు నీటిలో కరుగుతుంది, మరొకటి కరగదు. మొత్తం కిటుకు ఆ ఒక్క తేడాలో ఉంది. దానివల్ల ఏళ్ల తరబడి చేయి తిరిగిన పెయింటర్ చేసే బంగారం పనిని, ఓపికున్న ఏ పనివాడైనా ఒక పూటలో చేయగలిగాడు. డెర్బీలో వేసిన 5, గ్లాస్గోలో వేసిన 5 కవల పిల్లల్లా ఉన్నాయి. చేతిరాత తప్పుకుంది, అచ్చు వచ్చింది.

టెండర్ మీద రాస్తే ఏమైంది?

లండన్ మిడ్‌ల్యాండ్ అండ్ స్కాటిష్ రైల్వే (ఎల్.ఎం.ఎస్.) 1923లో తన ఎర్ర ఇంజన్ల నంబర్లను టెండర్ పక్కన వేసింది. ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండి టెండర్. దాని పక్క చదునుగా, వెడల్పుగా, బడి గోడలా ఉంటుంది. 18 అంగుళాల ఎత్తున్న బంగారు అంకెలు అక్కడ రాజసంగా కుదిరాయి. పొరుగున ఎల్.ఎన్.ఇ.ఆర్. కూడా టెండర్ మీదే రాసింది.

చూడముచ్చటగా ఉంది కాని లెక్క తప్పింది. టెండర్ ఇంజనులో భాగం కాదు. ఒక ఇంజను మరమ్మతుకు ఆగితే దాని టెండర్‌ను ఇంకో ఇంజనుకు తగిలించి పంపడం మామూలు. అప్పుడు నంబరు వెనక బండితో పోతుంది, ఇంజను పేరులేనిదై నిలబడుతుంది. లేదా రెండు టెండర్లకూ మళ్లీ రంగు వేయాలి. నాలుగైదేళ్లు అవస్థ పడి, 1928 ప్రాంతంలో రెండు కంపెనీలూ నంబరును క్యాబ్ పక్కకు మార్చాయి. టెండర్ మీద కంపెనీ పేరు మాత్రం మిగిలింది. ఏ టెండర్ ఏ ఇంజను వెనక నిలబడ్డా ఆ పేరు అబద్ధం కాదు.

మరి క్యాబ్ మీద రాస్తే ప్రశ్న తీరినట్టేనా? బాయిలర్ సంగతి చూడండి. బాయిలర్ బాగుచేయడానికి పట్టే కాలం చట్రం బాగుచేయడానికి పట్టే కాలంకన్నా ఎక్కువ. అందుకని వర్క్‌షాపుల్లో అదనపు బాయిలర్లు సిద్ధంగా ఉంచి, వచ్చిన ఇంజనుకు వేరేది ఎక్కించి పంపేవారు. 1938 జులై 3న గంటకు 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజన్ల ప్రపంచ రికార్డు కొట్టిన ‘మల్లార్డ్’ తన పాతికేళ్ల ఉద్యోగంలో డజను బాయిలర్లు మార్చింది. రికార్డు కొట్టినది ఏది? గుండె మారినా మనిషి అతనే అన్నట్టు, బాయిలర్ మారినా ఇంజను అదే అని రికార్డు పుస్తకం అంటుంది.

కొన్నిసార్లు పుస్తకమే కావాలని తికమక పెట్టింది. 1933లో షికాగో ప్రదర్శనకు ఎల్.ఎం.ఎస్. తన 6100 ‘రాయల్ స్కాట్’ను పంపింది. అమెరికా వెళ్లినది నిజానికి 6152. నంబరూ పేరూ మార్చుకుని ఓడెక్కింది, తిరిగొచ్చాక కూడా అలాగే ఉండిపోయింది. 1939లో న్యూయార్క్ ప్రదర్శనకు 6220 ‘కొరొనేషన్’గా వెళ్లినది 6229 ‘డచెస్ ఆఫ్ హామిల్టన్’. యుద్ధం మధ్యలో అది ఇంటికి చేరాక, 1943లో ఎవరి పేరు వారికి ఇచ్చేశారు.

ఎంత దూరం నుంచి చదవాలి?

18 అంగుళాలు ఎందుకు, 10 చాలవా? మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణమున్న వివరాన్ని వేరుచేసి చూడగలదు. కళ్ల డాక్టరు గోడకు తగిలించే అక్షరాలు ఈ లెక్క మీదే తయారవుతాయి. అక్షరం ఎత్తు అలాంటి వంతులు ఐదు ఉంటే చదవగలం. ఆ కొలతతో 18 అంగుళాల అంకెను మంచి వెలుతురులో 300 మీటర్లకు పైగా దూరం నుంచి చదవొచ్చు. 10 అంగుళాల అంకె 175 మీటర్ల దాకా కనిపిస్తుంది. నిలబడి ఉన్న ఇంజను విషయంలో రెండోది పుష్కలం.

పరిగెత్తే ఇంజను సంగతి వేరు. గంటకు 60 మైళ్లంటే సెకనుకు 27 మీటర్లు. ప్లాట్‌ఫారం మీద ఐదు మీటర్ల దూరంలో నిలబడితే, ఎదురుగా వచ్చిన క్షణాన క్యాబ్ పక్క అంకె సెకనుకు 300 డిగ్రీల వేగంతో కంటిముందు దూసుకుపోతుంది. కన్ను ఒక వస్తువును సాఫీగా వెంబడించగలిగేది మహా అయితే సెకనుకు 100 డిగ్రీలు. అందువల్ల అంకె ఎంత పెద్దదైనా గీతగా అలుక్కుపోతుంది. అదే నంబరు ఇంజను ముఖాన ఉంటే, 50 మీటర్ల దూరంలో ఉండగా అది కంటిముందు జరిగేది సెకనుకు 3 డిగ్రీలే. అక్కడ ఏడెనిమిది సెంటీమీటర్ల అంకె చాలు. మిడ్‌ల్యాండ్ రైల్వే పొగపెట్టె తలుపు మీద నంబరు పలక బిగించింది. ఎల్.ఎం.ఎస్., ఆ తర్వాత దేశం మొత్తం అదే దారి పట్టాయి.

ఆ పలక పోతయినుము కావడానికీ కారణం ఉంది. బాయిలర్ గొట్టాల్లోంచి వచ్చిన వేడి పొగంతా ముందు పొగపెట్టెలో చేరుతుంది. వందల డిగ్రీల ఆ వేడికి దాని రేకు మీద వేసిన అవిసె నూనె పొర మాడి రాలిపోతుంది. ట్రాన్స్‌ఫర్ అక్కడ నెల తిరగదు. ముందు బఫర్లను మోసే అడ్డదూలం చల్లగా ఉంటుంది కాబట్టి గ్రేట్ వెస్టర్న్, ఎల్.ఎన్.ఇ.ఆర్. వాళ్లు అక్కడ ఎర్రరంగు మీద అంకెలు పెయింట్ చేసుకున్నారు.

అక్షరాల ఆకారమూ మారింది. ఎరిక్ గిల్ గీసిన, అక్షరాల చివర తోకలు లేని ‘గిల్ శాన్స్’ అచ్చును మోనోటైప్ కంపెనీ 1928లో విడుదల చేసింది. మరుసటి ఏడాదే ఎల్.ఎన్.ఇ.ఆర్. తన బోర్డులకూ టైం టేబుళ్లకూ దాన్ని తీసుకుంది. 1932లో గిల్ స్వయంగా ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ రైలు ముందు తగిలించే పేరు బోర్డు రాశాడు. ఇంజన్ల ఒంటి మీదికి మాత్రం ఆ అక్షరాలు రావడానికి మరికొంత కాలం పట్టింది. యుద్ధం నీడలన్నిటినీ తుడిచేసింది. మనుషులు లేరు, బంగారం లేదు. 1942లో ఎల్.ఎన్.ఇ.ఆర్. తన పేరులోని నాలుగక్షరాల్లో రెండు తగ్గించి, టెండర్ మీద ‘ఎన్.ఇ.’ అని మాత్రమే రాసింది. ఆ తరువాత వచ్చిన కొత్త అంకెలు నీడ లేకుండా, గిల్ శాన్స్‌లో, పసుపు పెయింటుతో వచ్చాయి.

ముందు ఒక అంకె

1946లో ఎల్.ఎన్.ఇ.ఆర్. తన ఇంజన్లన్నిటికీ తరగతులవారీగా కొత్త నంబర్లు వేసింది. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కు జనవరిలో 502 వచ్చింది. ఇంతలో పథకం సవరించారు. మే నెలలో అది 103 అయింది. ఐదు నెలల్లో మూడు నంబర్లు.

1948 జనవరి 1న రైల్వేలు జాతీయమయ్యాయి. సుమారు 20 వేల ఆవిరి ఇంజన్లు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 1923 నాటి చిక్కే మళ్లీ వచ్చింది, అప్పటికన్నా పెద్దదిగా. ఈసారి పరిష్కారం తేలిక. సదరన్ నంబర్లకు 30000, ఎల్.ఎం.ఎస్. వాటికి 40000, ఎల్.ఎన్.ఇ.ఆర్. వాటికి 60000 కలిపారు. 103 ఆ ఏడాది డిసెంబరులో 60103 అయింది.

ఒక మొండిఘటం దగ్గర కూడిక పనిచేయలేదు. సదరన్ చీఫ్ మెకానికల్ ఇంజనీరు ఆలివర్ బులీడ్ 1941లో తెచ్చిన కొత్త ఇంజన్లకు ఫ్రెంచి పద్ధతిలో 21సి1 లాంటి నంబర్లు వేయించాడు. ముందు మోసే ఇరుసులు రెండు, వెనక ఒకటి, మధ్యలో నడిపే ఇరుసులు మూడు (ఇంగ్లిషు మూడో అక్షరం సి), ఆ తరగతిలో ఇది ఒకటోది అని దాని అర్థం. తెలిసినవాడికి అదీ ఒక వాక్యమే కాని, దానికి 30000 కలపడం ఎలా? అంతా కొట్టేసి 35001 అని రాశారు.

గ్రేట్ వెస్టర్న్ ఇంజన్లకు మాత్రం ఏమీ కలపలేదు. అవి పాత నాలుగంకెలతోనే ఉండిపోయాయి. వాళ్ల క్యాబ్ పక్క నంబర్లు పెయింటు కావు, ట్రాన్స్‌ఫర్లూ కావు. పోతపోసిన పలకలు. పెయింటు నంబరు ముందు ఒక అంకె చేర్చడానికి కుంచె చాలు. పలకకు అంకె చేర్చాలంటే వేల పలకలు మళ్లీ పోత పోయాలి. దేశమంతటి నంబర్ల పట్టికలో ఒక పెద్ద ప్రాంతాన్ని అలాగే వదిలేయడానికి ఆ ఇత్తడీ ఇనుమూ గట్టి కారణాలయ్యాయి. ఒక ఇంజను పేరును ఇంకో ఇంజనుకు మార్చడంలో పలకంత తేలికైనది లేదు, విండ్సర్ క్యాజిల్ విషయంలో చూశాం. ఉన్న నంబరును సవరించడంలో పలకంత మొండిది లేదు. పెయింటు దీనికి సరిగ్గా తలకిందులు.

చివరి పూత

ఈ అంకెలను అందరికన్నా శ్రద్ధగా చదివినవాళ్లు ఉద్యోగులు కారు, పిల్లలు. సదరన్ రైల్వే ఆఫీసులో పనిచేసే ఇయాన్ అలన్ అనే యువకుడు 1942లో ఆ కంపెనీ ఇంజన్ల నంబర్ల పట్టికను చిన్న పుస్తకంగా వేశాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బ్రిటన్‌లో ప్లాట్‌ఫారం చివర్లన్నీ పుస్తకం, పెన్సిలు పట్టుకున్న కుర్రాళ్లతో నిండిపోయాయి. చూసిన నంబరు కింద గీత గీయడం వాళ్ల ఆట. షెడ్లలో ఇంజన్లు తుడిచే మనుషులు కరువైన 1960లలో మసిబారిన క్యాబ్ మీద నంబరున్నంత మేర మాత్రమే గుడ్డతో తుడిచి వదిలేసేవారు. నల్లటి గోడ మీద కిటికీలా అక్కడొక్కటే రంగు కనిపించేది.

ఆవిరి యుగం ముగుస్తుండగా పలకలు మాయం కావడం మొదలైంది. ఇత్తడికి తుక్కు ధర ఉంది, జ్ఞాపికలు సేకరించేవాళ్ల దగ్గర ఇంకా ఎక్కువ ధర ఉంది. రైల్వే కొన్నిటిని తానే విప్పి దాచింది, కొన్ని రాత్రికి రాత్రి పోయాయి. 1968 ఆగస్టులో ప్రధాన మార్గాల మీద ఆవిరి పూర్తిగా ఆగిపోయే ముందు, లాంకషైర్ షెడ్లలో మిగిలిన ఎన్నో ఇంజన్ల పొగపెట్టె తలుపుల మీద పలక లేదు. దాని స్థానంలో ఎవరో చిన్న కుంచెతో, సుద్దతో గీసుకున్న గీతల మీద తెల్లగా ఐదంకెలు వేశారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి కాస్త పక్కకు ఒరిగింది. వంద టన్నుల ఇనుము కొన్ని వారాల్లో తుక్కుకు పోనుంది. అయినా నంబరు ఉండాల్సిందే. తుక్కుకు పంపేవాడి దగ్గరా ఒక పద్దు పుస్తకం ఉంటుంది.

వేల్స్‌లోని బారీ రేవులో వుడ్‌హామ్ సోదరుల తుక్కు యార్డుకు అలా చేరిన ఇంజన్లలో 213ను రైలు ప్రేమికులు తర్వాత డబ్బు పోగేసి కొనుక్కున్నారు. తుప్పు గీకి భాగాలు విప్పినప్పుడు, చక్రాలను కలిపే రాడ్ల మీద ఉక్కు పంచ్‌తో కొట్టిన చిన్న నంబర్లు బయటపడేవి. పెయింటు, ట్రాన్స్‌ఫర్, పలక అన్నీ పోయినా ఆ గుంటలు పోలేదు. అసలు నంబరు అక్కడైనా దొరికిందా అంటే, ఒక్కోసారి ఒకే ఇంజను విప్పితే రాడ్ మీద ఒక నంబరు, దాని పక్క భాగం మీద ఇంకో నంబరు ఉండేవి. వర్క్‌షాపులో ఏ భాగం సిద్ధంగా ఉంటే అది బిగించిన ఫలితం.

ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇప్పుడు యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియం సొత్తు. 2016లో పెద్ద మరమ్మతు ముగించి బయటికి తెచ్చినప్పుడు జనానికి బాగా గుర్తున్న 4472 కాకుండా, 60103 వేసి ఆకుపచ్చ రంగులో నిలబెట్టారు. దానికి ఇప్పుడున్న జంట పొగగొట్టం 1950ల చివర్లో వచ్చింది. పొగను పైకి ఎత్తే రెక్కలు 1961లో వచ్చాయి. అవి రెండూ ఉండగా 4472 అని రాస్తే, తాతగారి ఫొటో కింద పుట్టినరోజు తేదీ వేసినట్టుంటుంది. అందుకే క్యాబ్ పక్కన ఆ ఐదంకెలు చూసినప్పుడు అది ఏ ఇంజను అని కాక, ఏ సంవత్సరపు ఇంజను అని చదువుకోవాలి.